అన్నం కుక్కర్ కప్పు

హలో… ఆ, నేనే వదినగారూ, హేమచంద్రని… కెల్లీవిల్‌లోనే, ఇంట్లోనే ఉన్నా. హాస్పిటల్లో వాళ్ళమ్మ దగ్గర శ్రీలేఖ కూర్చుంది.

…అలాగే ఉంది. అది తర్వాత, ముందు ఇది చెప్పండి. మీ చెల్లెలు కేకు చేసేది కదా, డబ్బా పాలు పోసి… ఆ, అదే, యాలకుల కేకు. అందులో మైదా ఎంత?

…రెండు కప్పులు. నాకూ అదే చెప్పింది, మొన్న కాస్త తెలివిలో ఉన్నప్పుడు. ఏ కప్పే కాత్యాయనీ అంటే కళ్ళు మూసేసుకుంది.

…నేనే చేస్తున్నా. నవ్వకండి! కప్పు మైదా అంటే నూట యాభై గ్రాములని నెట్‌లో చూసి, స్కేల్ మీద తూచి మరీ వేశా. రెండుసార్లూ ఇటుకే. కోస్తే పొడిపొడిగా రాలిపోతోంది. పేరుకి ఇంజనీరుని, ఖర్మ!

…డబ్బా ఒకటే. గుడ్లు మూడే. అన్నీ కరెక్టే అంటుంటే!

…ఏమిటీ? కుక్కర్ కప్పా? రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్‌దా?… మీ కళ్ళారా చూశారా?… అయ్యో రామా. రోజూ దాంతోనే బియ్యం పోస్తున్నానండీ నేను!

ఉండండి, స్పీకర్‌లో పెడుతున్నా… వినిపిస్తోందా? ఇదిగో, బియ్యం డబ్బాలోనే ఉంది. దులిపి… మైదా పోసి… పైన చాకుతో చదును చేసి… నూట పది. చూశారా! రెండు కప్పులకి రెండొందల ఇరవై. నేను మూడొందలు కొట్టా. పాలు అవే, గుడ్లు అవే… ఇటుక కాక ఏమవుతుంది!

…ఇప్పుడే కలుపుతా. ఓవెన్ వేడెక్కే ఉంది.

…తినడమా?

…తినదు వదినా. నిన్న మింగే టెస్ట్ చేశారు. చెంచాడు నీళ్ళు కూడా గొంతు దిగట్లేదు. ఇక నోట్లో ఏమీ పెట్టొద్దన్నారు.

…మరెందుకంటే ఏం చెప్పను? వాసన చూపించొచ్చంది నర్స్.

…తెలుసండీ, వాసనకి కొలతెందుకు, నాకూ తెలుసు. కానీ ముక్క కోసి దగ్గర పెడితే చూస్తుంది కదా? ఎండిపోయి దుప్పటి మీద రాలిందనుకోండి… “మీ మొహంలా ఉంది” అంటుంది. అంటే… అనలేదు. అన్నట్టు చూస్తుంది. ఆ చూపు నేను తట్టుకోలేను.

…ఏడుస్తున్నారా? వద్దు వదినా. మీరు ఏడిస్తే నేను…

…ఆ. కప్పు కోసం కాదు అసలు ఫోన్ చేసింది. పొద్దుట్నుంచీ మీ నంబర్ తీసుకుని కూర్చున్నా, చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరు… రావాల్సినవాళ్ళని పిలవమన్నాడు.

…వీకెండ్ కాదు. ఇవాళే. ఇప్పుడే.

…ఎంతసేపో చెప్పలేనన్నాడు.

అన్నయ్యగారిని డ్రైవ్ చేయమనండి, మీరు స్టీరింగ్ ముట్టుకోకండి. మీ గంగాలిన్ నుంచి ఇక్కడికి మూడు గంటలు పైనే పడుతుంది, దారిలో కాఫీ అనీ టీ అనీ ఆగకండి. ఇంటికి వద్దు, తిన్నగా హాస్పిటల్‌కే. నేనూ కేకు అవగానే పట్టుకుని అక్కడికే వచ్చేస్తా.

…ఏమీ తేవద్దు.

…ఏమో. నన్నడిగితే నేనేం చెప్పగలను?

…మీరొచ్చేసరికి కేకు మటుకు ఉంటుంది వదినా.

…ఆ… కేకు ఉంటుంది. పెట్టేస్తున్నా.