ఆ రోజు ఐసు కరగలేదు

సభకు పెద్దగా కూర్చున్న డైరెక్టరు గారికి, పక్కనే ఉన్న కీళ్ళ డాక్టరమ్మ గారికి, పరిశోధన చేసే పిల్లలకు, గాజు సామాను కడిగే నా జట్టువాళ్ళకు, మొదటి వరుసలో కూర్చుని ‘నోరు జారకు’ అని కళ్ళతోనే బెదిరిస్తున్న మా ఇంటావిడకు నమస్కారం. (నవ్వులు)

నవ్వండి. నవ్వే వంతు ముందుగా కానివ్వండి.

ఈ వీడ్కోలు సభలో చదవడానికి నాలుగు ముక్కలు రాసిపెడతానని ఆఫీసు గుమస్తా అన్నాడు. నీ రాత చదవాలంటే నాకు చదువొచ్చి చావాలి కదయ్యా అన్నాను. సంతకం పెట్టడం, గొట్టాల మీద అంకెలు పోల్చుకోవడం, అంతవరకే నా చదువు. అంతమాత్రాన ఎవరి ముందూ తల వంచలేదు. ఇందాక మైకు పట్టుకున్న అబ్బాయి నన్ను వినయశీలి అన్నాడు. ఎవరు చెప్పార్రా నీకు? (పెద్దగా నవ్వులు) ‘అందరూ ముద్దుగా పిలుచుకునే మన ఐసుతాత’ అని కూడా అన్నాడు. ఆ పేరు ఎలా పుట్టిందో కొత్తగా వచ్చిన పిల్లలకు తెలియదు. తెలిసిన పాతవాళ్ళు ఇప్పుడు చెప్పుల వంక చూసుకుంటున్నారు.

ఆసుపత్రిలో తీసిన రక్తం గొట్టాలను ఐసుపెట్టెలో పెట్టుకుని, రెండు మేడల మధ్య వంతెన దాటి ల్యాబులో అప్పగించడం నా పని. ఆ రక్తంలో కనిపెట్టిందంతా వీళ్ళు వరండా గోడంతా పటంగా గీశారు. ఎక్కడ చూసినా బాణాలే. ఏమిటి సారూ ఇది, చీమల పుట్టా అని ఒకసారి డైరెక్టరు గారినే అడిగాను. అప్పట్లో ఆయనకు ఓపిక ఉండేది. ‘ఒంట్లో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపుతుంది. ఆ కబురు పేరు సైటోకైను. అది తలుపు తడితే, లోపల ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ పోయి, ఒంటిని కాపాడే కణాలను లేపుతుంది. దెబ్బ తగిలినచోట వాపూ మంటా అందుకే. చాలు, ఇక ఆపండి అనే కబురు అందకపోతే మాత్రం ఆ మంట సొంత కీళ్ళనే తినేస్తుంది’ అని చెప్పారు. బాగా చెప్పారు. ఆ మాట కాదనను.

జబ్బు రక్తం పక్కన పెట్టి పోల్చడానికి మంచి రక్తం కావాలి కదా. దానికి ఇక్కడొక అలవాటుంది. పనివాళ్ళనీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ పిలిచి రక్తం తీసుకుంటారు. మనవాళ్ళేగా, బాగానే ఉంటారని లెక్క. ఏమ్మా, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడిగే పని పెట్టుకోరు. మా ఆవిడ కూడా వచ్చి చెయ్యి చాపింది. ఆ గొట్టం నేనే మోశాను. మా ఆవిడ రక్తం కాబట్టి ఇంకో రెండు గుప్పెళ్ళ ఐసు ఎక్కువే వేశాను.

ఆ గొట్టంలో కబుర్లు హోరెత్తిపోయాయట. మంచి మనిషి రక్తంలో అంత ఉండకూడదట. దారిలో ఐసు కరిగితే గొట్టంలోని కణాలు కంగారుపడి లేనిపోని కబుర్లు కక్కుతాయి, ఇదీ అంతే అని తేల్చారు. ఆ ఫలితాన్ని పక్కన పడేశారు. డైరెక్టరు గారు నన్ను అందరి ముందు నిలబెట్టి ‘ముసలాడు వంతెన మీద కబుర్లు చెబుతూ ఐసు కరగబెట్టాడు’ అన్నారు. కరగలేదు సారూ అన్నాను. నవ్వారు. ఆ నవ్వులోంచి పుట్టిందే ఐసుతాత.



ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ ఏమందో తెలుసా? ‘ఒకవేళ కరిగిందేమో, సరిగ్గా గుర్తు చేసుకోవయ్యా’ అంది. కట్టుకున్నదే అలా అడిగాక మనిషికి ఇంకేం మిగులుతుంది?

అప్పటికే పొద్దున లేస్తే దాని వేళ్ళు పట్టేసేవి. చొక్కా గుండీ పెట్టలేకపోయేది. డాక్టరు దగ్గరికి పోదామంటే, ‘మీ ల్యాబువాళ్ళు రక్తం చూశారుగా, ఏమన్నా ఉంటే చెప్పకుండా ఉంటారా’ అనేది. మీ మీద అంత నమ్మకం. ఇప్పుడు చూడండి ఆ చేతులు. దాచుకోకు, పైకెత్తు. (ఆవిడ ఎత్తలేదు)

పోయినేడు ఈ డాక్టరమ్మ గారు మా ఆవిడ కీళ్ళు చూసి, పాత రక్తం ఏమైనా ఉందా అని వాకబు చేశారు. అదే రోజు తీసిన మా ఆవిడ రక్తమే, వేరే పనివాడు తెచ్చిన రెండో గొట్టం, ఫ్రీజరులో ఉండిపోయిందట. తీసి చూస్తే అందులోనూ అదే హోరు. ‘రక్తం సరిగ్గానే చెప్పింది తాతగారూ, మావాళ్ళే వినలేదు’ అని ఆవిడ మా ఇద్దరి ఎదుటా చెప్పారు. డైరెక్టరు గారికీ చెప్పారు. నిజమేనా సారూ?

(డైరెక్టరు గారు: “అది... సభ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం.”)

సభ అయ్యాక మీరెవరో, నేనెవరో. నన్ను అన్నది అందరి ముందు. పోయిన వేళ్ళు మీరు తెచ్చివ్వలేరు, అడగను. క్షమాపణ నాకెందుకు? ‘ఆ రోజు ఐసు కరగలేదు’ అని ఆ మైకులో ఒక్క మాట అనండి. మా ఆవిడ వినాలి. అంతే.

(డైరెక్టరు గారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.)

తాగండి సారూ. చల్లగానే ఉన్నాయా? (ఎవరూ నవ్వలేదు)

(మొదటి వరుసలోంచి ఆవిడ: “నేను ఎప్పుడో నమ్మానయ్యా. ఇక దిగు, పోదాం.”)

విన్నారుగా. ఒంటి లోపలి కబుర్లన్నీ విన్నవాళ్ళకు ఎదురుగా నిలబడి అడిగినది వినబడలేదు.

టీ పోసిన పిల్లకూ, వంతెన తుడిచే తమ్ముడికీ, నిజం చెప్పిన డాక్టరమ్మ గారికీ నా కృతజ్ఞతలు. నాకు జ్ఞాపికగా ఇచ్చిన ఈ అద్దం కట్టిన పటం, అదే మీ గోడ మీది బాణాల పటం, ఈ బల్ల మీదే పెట్టి వెళుతున్నాను. పొగరు అనుకుంటే అనుకోండి, కొంత అదీ ఉంది. కానీ మా ఆవిడ ఏదీ పట్టుకోలేకపోతోంది, మెట్లు దిగాలంటే తనను నేను రెండు చేతులా పట్టుకోవాలి. పటం మోయడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.

సెలవు.