కత్తితో పాటు గాయానికి కట్టు

గ్రంథాలయం వెనక గదిలో, తలా ఒక కథాపాత్రగా మారి కూర్చుని ఆడే ఆటలో కొత్తగా చేరినావిడ తన పాత్ర గురించి రాసిన కాగితాన్ని ఆట నడిపే అమ్మాయి చదువుతోంది.

"పిన్నిగారూ, మీ పాత్ర యోధురాలా, వైద్యురాలా?"

"రెండూనమ్మా. రెండు విద్యలు కలపొచ్చని నువ్వేగా చెప్పావు."

"కలపొచ్చు. కానీ యుద్ధంలో ఐదో మెట్టుకి చేరినా, వైద్యం ఒకటో మెట్టు నుంచే ఎక్కాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టవుతుంది."

"మీ బాబాయిగారు పోయాక గ్యాసుబండ బిగించడం, ఫ్యూజు వెయ్యడం అన్నీ ఒకటో మెట్టు నుంచే నేర్చుకున్నాను."

"మన జట్టులో వైద్యుడున్నాడండీ. మీకు దెబ్బ తగిలితే అతను కట్టు కడతాడు. అన్నీ మీరే చేసుకోనక్కర్లేదు."

"అతను రోజూ వస్తాడా?"

"రోజూ ఎందుకు? ఆట ఆదివారమేగా."

"అయితే వైద్యం కొట్టెయ్యకమ్మా. మిగతా ఆరు రోజులూ నేనొక్కదాన్నే."