అంజయ్య పటేల్ ఏడు రంగులు

మేడ్చల్ బస్టాండు ఎదుటి హోటల్లో అంజయ్య పటేల్ నోరు తెరిచాడంటే ఎదుటివాడి ఛాయ్ చల్లారిపోవాల్సిందే. ఆ రోజు దొరికినవాడు వెంకటేశ్వరరావు. గుంటూరు నుంచి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగి. వారం కిందటే షుగర్ బయటపడింది. డాక్టరు రాసిచ్చిన బిళ్ళలు జేబులోనే ఉన్నాయి కానీ, జన్మంతా మింగాలంటే భయమేసి ఇంకా మొదలుపెట్టలేదు.

"షుగరా? గదేందో నాకెర్కలేదు సారూ. గౌడవెల్లి కాడ ఐదెకరాల అంగూర్ తోట నాది, మీరు ద్రాక్ష అంటరు గద. గట్ల పొంటి టమాట, బీర, గాజర్, ఎర్ర తోటకూర. మా నాయిన ఒక్కటే చెప్పిండు, ఏ కాలంల కాసింది గా కాలంల తిను, రోజుకు ఏడు రంగులు తిను అని. గంతే! పదేండ్లల్ల ఒక్క తుమ్ము తుమ్మితే ఒట్టు."

"ఒక్కటి కూడానా అండీ?"

"తుమ్ము సంగతి ఇడ్సిపెట్టుండ్రి. గాజర్లు, గదే క్యారెట్లు, తినీ తినీ నా కండ్లెట్లయినయో ఎర్కేనా? మంచె మీద నిలవడితే గా అవతలి కౌకూర్ ఊర్ల ఎవలింట్ల ఏం కూరనో కనవడుతుండె. ఉప్పు ఎక్కువేస్తే ఈడికెల్లే ఒర్రుతుంటి."

"వాళ్ళకు ఇనవడుతుండెనా పటేలా?" పక్క బల్ల మీంచి మైసయ్య అడిగాడు.

"ఇనవడక? అల్లనేరేడు పండ్లు తిన్న గొంతు గద! ఇగ గా తర్వాత ఏమైందో ఎర్కేనా? ఒకనాడు నన్ను దోమ కుట్టింది. గా దోమనే పోయి మా జీతగాడు గండయ్యను కుట్టింది. ఇరవై ఏండ్ల దమ్ము రోగం, ఆయాసం, ఆనికి మల్ల రాలె! నా నెత్తురు రవ్వంత ఆని ఒంట్లకు పోయింది గద. ఇగ ఊరూరంత దోమతెరలు చింపుకొని నా తోటల పండవట్టిరి. నన్ను కుట్టిన దోమ నాదంటె నాదని కొట్లాటలు! కుత్బుల్లాపూర్ల ఒక డాక్టర్ సాబ్, పాపం, పేషెంట్లు లేక బోర్డు పీకి నా దగ్గర అంగూర్ తెంప కూలికొచ్చిండు. మస్తు పనోడు."

మైసయ్య నవ్వాడు. రావు నవ్వలేదు. జేబులోంచి బిళ్ళల అట్ట తీశాడు.

"అంజయ్యగారూ, మీరు చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసినా నాకు చాలండీ. ఇవి ఇక్కడే పారేస్తాను. రేపట్నుంచి మీ తోటకే వస్తాను."

అంజయ్యకు మొదటిసారి మాట తడబడింది. "తోటకా... రేపంటే..."

హోటల్ ముందు కూరగాయలమ్మే సత్తమ్మ గంప వదిలేసి వచ్చింది.

"పారేయకుండ్రి సారూ! ఏ తోటకు పోతరు? అంగూర్ పీకి ప్లాట్లు జేసి నాలుగేండ్లాయె. ఇప్పుడాడ హద్దు రాళ్ళు తప్ప ఏం లేవు. ఈన తినే బీరకాయ నా గంపలది. అదిగూడ ఈన పెండ్లాం మనోరమమ్మ తిడితేనే కొంటడు. గీడ మిర్చి బజ్జీలైతే ఎవలు చెప్పకున్న తింటడు."

కొంగు ముడి విప్పి చెయ్యి చాపింది. "ఏడు రంగులంటివి గద పటేలా. పొద్దుగాల తెల్లది మర్చిపోయినవంట, మీ ఇంటామె పంపింది."

ఆమె అరచేతిలో షుగర్ గోలీ. రావు చేతిలో ఉన్నదే.

అంజయ్య దాన్ని నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. "తోట ఉన్నప్పుడు నిజంగనే తింటుంటి సారూ," అన్నాడు మెల్లగా. "గా అంగూర్ మస్తు తీపుండె."

రావు కూడా అట్ట చింపి ఒక బిళ్ళ మింగాడు. గ్లాసు కింద పెట్టి అడిగాడు. "మరి ఆ డాక్టరుగారు ఏమయ్యారండీ?"

"తోట పోయినంక మల్ల బోర్డు పెట్టిండు. గీ గోలీ రాసిచ్చింది గాయనే."