సొరపిందెకు కుట్టిన సంచి

టైలరు మొదటిసారి మేడ మీద సొరపాదు పెట్టాడు. మూడు పిందెలు రాలిపోయి ఒక్కటే మిగిలింది. పురుగు పట్టకుండా దానికి పల్చటి గుడ్డతో సంచి కుట్టి తొడిగాడు. వారం తిరిగాక భార్య పైకి వచ్చింది.

“ఏవండీ, సంచి కుట్టు పిగిలిపోయింది, చూశారా?”

“దూరం నుంచి చూశాను. దగ్గరికెళ్లాలంటే భయమేసింది. ఇదీ పోయిందా?”

“కాయ నిక్షేపంలా ఉంది. మీ కుట్టే ఓడిపోయింది.”

“నలభై ఏళ్లలో నా కుట్టు ఎప్పుడన్నా పిగిలిందటే?”

“నేనూ అదే అడుగుతున్నా. ఏ పిల్ల గౌను కుట్టినా, ఎదిగే పిల్ల అంటూ లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదిలేవారుగా. దీనికెందుకు వదల్లేదు?”

టైలరు దగ్గరికెళ్లి పిగిలిన కుట్టును వేలితో తడిమాడు.

“మాట్లాడరేం? గుడ్డ చాల్లేదా?”

“గుడ్డకేం, బోలెడుంది. ఇది ఎదుగుతుందనుకోలేదే.”

“బాగానే ఉంది సంబడం. సరే, టేపు తెచ్చుకోండి. ఆకు చాటున దీనికో చెల్లెలు పుట్టింది.”

“ఏదీ? ఓసి, అది వేలెడంతైనా లేదు గదే. ఇప్పుడే కొలతలెందుకు?”

“ఇప్పుడే తీయండి. ఈసారి ఎదిగే పిల్ల అనుకుని కుట్టండి.”