గూడు వెనక మట్టి

మట్టి పరీక్షల గదిలో పనిచేసే చెల్లెలు, అన్న తెచ్చిన సంచిని బల్లమీద బోర్లించి, ఆ మట్టిలోంచి ఒక కోడి ఈకను బయటికి లాగింది.

“ఇది మన పొలం మట్టేనా అన్నయ్యా?”

“మన మట్టే. కోళ్లగూడు వెనకది.”

“ఉప్పు తేలిన చేలో తవ్వి తెమ్మన్నానా లేదా?”

“అది తెస్తే పరీక్ష తప్పుతుంది. కాలువ నీళ్లివ్వరు.”

“నా ఖర్మ! డాక్టరు దగ్గరికి పక్కింటాయన రక్తం పట్టుకెళ్తావా?”

“ఆయనకి షుగర్ లేదుగా!”

ఆమె నెత్తి కొట్టుకుంది.

“ఆ చేలో నీళ్లు బయటికి పోయే దారి లేదు. కాలువ నీళ్లు పెడితే అడుగునున్న ఉప్పంతా పైకొచ్చి గడ్డి కూడా మొలవదు. ఉన్నదీ ఊడుతుంది!”

అన్న ఈకను తీసి జేబులో పెట్టుకున్నాడు.

“పోనీలే, నీళ్లు కోళ్లగూడు వెనక్కే ఇప్పించు. ఆ మట్టి పాసయినట్టేగా?”