కుట్టు తప్పిన సంచీ

ఏంటమ్మాయ్, అంత పడీపడీ నవ్వుతున్నావు? ఓహో, నిధి తవ్వకమా. ఇంకా తవ్వుతూనే ఉన్నారా వీళ్ళు? ఏదీ, నా కళ్ళజోడు ఇలా ఇవ్వు. అదుగో, వాడి చొక్కా చూడు. నడుం లోతు గోతిలో దిగాడు, చొక్కాకి ఇస్త్రీ మడత చెక్కు చెదరలేదు. ఇలా బట్టలు చూసి నాటకం పట్టేసే కిటుకు నేను కనిపెట్టింది కాదు, మీ నాయనమ్మది. అప్పట్లోనూ ఇలాంటి ప్రోగ్రామే ఒకటొచ్చేది, మీ నాన్నకి అప్పటికి పదేళ్ళు లేవు. నువ్వు మీ నాయనమ్మని ఫొటోలోనేగా చూశావు. ఆ ఫొటోలో ఆవిడ నోరు మూసుకుని ఉంది, అందుకే నీకు ఆవిడ సంగతి తెలీదు. తీసినవాడు బతిమాలాడు కాబట్టి మూసింది. అది కాక మీ నాయనమ్మ, అదే మా అక్క, నోరు మూసుకోవడం నేను జన్మలో ఒక్కసారే చూశాను. ఆ ముచ్చట చెప్తా ఉండు, సౌండు కాస్త తగ్గించు.

అక్కది టైలరింగు షాపు కదా. ముందు గది షాపు, వెనక గది ఇల్లు, మధ్యలో ఓ కర్టెను. అక్క కుట్టేది, నేను కాజాలు తీసేవాణ్ణి. నవ్వకు, నా కాజాలోంచి బొత్తం దానంతటది జారిన రోజు లేదు. ఏం చెప్తున్నాను... ఆ, మిషను. దానికొక రోగం. టకటకా పోతూ పోతూ ఒక కుట్టు దాటేసేది. పదీ పదిహేను కుట్లకి ఒకటి. మెకానిక్కు మూడుసార్లు విప్పి చూశాడు, నాలుగోసారి కబురు పెడితే ఊళ్ళో లేనని చెప్పించాడు, వాడి గొంతు లోపల్నించి వినబడుతూనే ఉంది. "దీన్ని మార్చెయ్యవే అక్కా" అంటే, "నేనూ అప్పుడప్పుడూ మాట తప్పుతాను, నన్నూ మార్చేస్తావట్రా?" అనేది. తప్పిన చోటల్లా చేత్తో సూది వేసి కప్పేసేది. బట్ట వేసుకున్నవాడికి కూడా తెలిసేది కాదు. షాపులో ఉన్న మాకు తెలుసు, అంతే.

మీ తాత, అంటే మా బావ, బస్సు డ్రైవరు. ఓ వాన రోజు బ్రేకు పడక బస్సు ఒరిగిపోయింది. లోపలివాళ్ళు చిన్నాచితకా దెబ్బలతో బయటపడ్డారు, బావకి తుంటి విరిగింది. ఆరు నెలలకి డాక్టరు ఫొటో తీయించి, "ఎముక బ్రహ్మాండంగా అతికింది, ఇక లేచి నడవండి" అన్నాడు. ఈయన లేవడే! గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే ఊఁ అనేవాడు. భయం పట్టుకుందమ్మా మనిషికి. అంత పెద్ద బస్సుని బొంగరంలా తిప్పిన మనిషి, మంచం దిగాలంటే వణికిపోయేవాడు. డాక్టరు అక్కని పక్కకి పిలిచి, "ఇంకో రెండు నెలలు ఇలాగే పడుకుంటే కాళ్ళలో కండ కరిగిపోతుంది. తర్వాత ఆయన లేద్దామనుకున్నా లేవలేడు" అన్నాడు. ఆవిడ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కుట్టిన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. ఇరవై ఏళ్ళ పనిలో అలాంటి పొరపాటు చెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

అదే రోజుల్లో మొదలైంది ఈ ప్రోగ్రాం. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి. మా వీధి మొత్తానికి మా షాపులోనే టీవీ, కాబట్టి జనం కత్తిరింపు బల్ల మీద కూడా ఎక్కి కూర్చునేవాళ్ళు. ఏదో పాత కోట, దాని కింద ఎవరో రాజు దాచిన నిధి, మూడొందల ఏళ్ళ నాటిదట. వారం వారం గంటసేపు తవ్వేవాళ్ళు. సరిగ్గా ఆఖరి నిమిషంలో గునపానికి ఠంగుమని ఏదో తగిలేది, అందరి మొహాలూ దగ్గరగా చూపించేవాడు, మిగతాది వచ్చే వారం. వచ్చే వారం చూస్తే అది బండరాయి. పక్క షాపు మంగలి, "పోనీలెండి, కొండని తవ్వి ఎలకనైనా పట్టలేదు" అనేవాడు. మేడ మీది లెక్కల మాస్టారు గంభీరంగా గడ్డం గోక్కుని, "వారానికి మూరెడు చొప్పున తవ్వుతున్నారు. ఈ లెక్కన మన మనవలు చూస్తారు నిధి" అనేవారు. ఇదుగో, నువ్వు చూస్తున్నావుగా! అక్క సంగతి అడగాలా, ఆవిడ ముందు వీళ్ళంతా పిల్లకాకులు. "తవ్వేవాడికి చెమట లేదు, చూసేవాడికి పడుతోంది. ఒరేయ్ తమ్ముడూ, ఆ రాజుగారి గోతికి అంచు చూడరా, నా చేతి మడతలా ఎంత తిన్నగా ఉందో. నిన్నే తవ్వి పూడ్చి, ఇవాళ మళ్ళీ తవ్వుతున్నారు" అనేది. షాపంతా గొల్లుమనేది. నిజం చెప్పొద్దూ, జనం నిధి కోసం వచ్చేవాళ్ళు కాదు, ఆవిడ మాటల కోసం వచ్చేవాళ్ళు.

అలాంటి గోలలో మూడో వారమో నాలుగో వారమో, కర్టెను అవతల్నించి బావ గొంతు. "ఒరేయ్, ఆ కర్టెను కాస్త జరపరా" అన్నాడు. నాకు చేతిలో సూది గుచ్చుకుంది. ఇటు తిరిగాడమ్మా మనిషి! నెలల తరబడి ఆయన వీపు తప్ప మొహం చూడలేదు మేము. తర్వాతి వారానికి దిండు ఎత్తుగా పెట్టించుకున్నాడు. ఆ పై వారానికి కాగితం, పెన్సిలు అడిగి కోట బొమ్మ గీశాడు, దారులు గీశాడు. "వీళ్ళు తప్పుచోట తవ్వుతున్నారు, తూర్పు గోడ పక్కన ఉంటుంది, నా మాట విను" అని నాతో వాదన. కళ్ళల్లో వెలుగు, మాటలో ఊపు, ఏం చెప్పమంటావు! అక్క నన్ను వీధిలోకి లాక్కెళ్ళి, "అది ఉత్త నాటకమని ఆయన ముందు అన్నావో, నాలిక కత్తిరిస్తా" అంది. "నువ్వేగా వారం వారం అంటున్నావు?" అన్నాను. "నేనంటే సరదాకనుకుంటారు, నువ్వంటే నిజమనుకుంటారు" అంది. డాక్టరు చెప్పిన గడువులో ఇంకో వారం మిగిలుంది. ఆయన కూర్చుంటున్నాడే గానీ, కాలు మాత్రం కింద పెట్టడు.

ఇక ఆ ఆదివారం. తూర్పు గోడే తవ్వారు! బావ మంచం అంచుకొచ్చేశాడు. గునపం ఠంగుమంది, మట్టి తీశారు, ఈసారి రాయి కాదు, సంచీ. నల్లబడ్డ ముతక గుడ్డ సంచీ, మూతికి తాడు. టీవీవాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మూడొందల ఏళ్ళ తర్వాత వెలుగు చూస్తోంది" అంటూ కెమెరాకి దగ్గరగా పెట్టాడు. అక్క నా తొడ మీద గిల్లింది, ఆ మచ్చ వారం ఉంది. నేనూ చూశాను. టకటకా పోయిన మిషను కుట్టు, నడిమధ్యలో ఒకటి దాటేసింది. మళ్ళీ కొంచెం దూరంలో ఇంకోటి. మా మిషనమ్మా! అంతకు రెండు నెలల ముందు ఎవరో కళ్ళజోడు కుర్రాడు నలభై సంచులు కుట్టించుకుపోయాడు, ఏదో నాటకానికన్నాడు. "నీటుగా వద్దండీ, ఎలా వస్తే అలా కుట్టేయండి" అన్నాడు, అందుకే తప్పిన కుట్లు కప్పలేదు ఆవిడ. తాడు దూర్చడానికి మూతి దగ్గర కాజా తీసింది నేను. మూడొందల ఏళ్ళ నాటి రాజుగారి సంచీకి నా కాజా!

మంగలి అక్క వైపు తిరిగి, "ఏం అక్కయ్యా, ఏమంటావు?" అన్నాడు. మాస్టారు తిరిగారు. షాపంతా తిరిగింది, నవ్వడానికి నోళ్ళు సగం తెరుచుకుని. ఆవిడ దగ్గరున్న మాట మామూలు మాటా? ఇక ఆ టీవీవాడు జన్మలో తలెత్తుకోకుండా చేసే మాట. నాలిక చివర ఉంది, నాకు కనబడుతోంది, పెదాలు అదురుతున్నాయి. ఒక్కసారి బావ వైపు చూసింది. చూసి, "ఏమో... నిజమే అయ్యుంటుందిలే. పాతకాలం వాళ్ళ పనితనం అలాగే ఉంటుంది" అంది. నవ్వుదామని తెరిచిన నోళ్ళన్నీ మూసుకున్నాయి. అప్పుడు లేచాడమ్మా మీ తాత. మంచం కోడు పట్టుకున్నాడు, వదిలేశాడు, నాలుగడుగులు వేసి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను ఏడ్చేశాను. అక్క మాత్రం మిషను మీద వంగి, లేని దారం ఎక్కిస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఆయన నడిచాడు, ఏడాదికి మళ్ళీ బస్సెక్కాడు. ఆ నిధి ఏమైందంటావా? నిపుణులు పరీక్షిస్తున్నారన్నాడు టీవీవాడు, ఆ తర్వాత ఆ టైముకి వంటల ప్రోగ్రాం వేశారు. అక్కకి మాత్రం పేరు మిగిలింది, నిధక్క. అందర్నీ ఆట పట్టించే మనిషి ఆ సంచీని నమ్మేసిందని వీధి వీధంతా ఎగతాళి. కూరగాయల దగ్గర, పంపు దగ్గర, "నిధక్కా, తవ్వకానికి వెళ్ళట్లేదా?" అనేవాళ్ళు. నేను ఉడికిపోయేవాణ్ణి, ఆవిడ పళ్ళు బిగించి నవ్వేది. పోయేవరకూ అదే పేరు. ఆఖరి రోజున పలకరించడానికొచ్చినవాళ్ళు కూడా, మా నిధక్క పోయిందా అనే ఏడ్చారు.

ఆవిడ పోయాక ఓ సాయంత్రం బావా నేనూ షాపు సర్దుతున్నాం. ఇక దాచడం ఎందుకని, "బావా, ఆ సంచీ మనదే" అన్నాను. ఆయన మిషను చక్రం ఊరికే తిప్పుతూ, "నాకు తెలియదట్రా?" అన్నాడు. "గోడవైపు తిరిగి ఆరు నెలలు ఈ మిషను చప్పుడే విన్నాను. అది ఎక్కడ కుట్టు తప్పుతుందో మీకంటే నాకే బాగా తెలుసు. సంచీ కనబడగానే, ఇంతేనా అని మళ్ళీ గోడవైపు తిరగబోయాను. అప్పుడు మీ అక్క మొహం చూశాను. అంత నవ్వు మింగేసిందిరా నా కోసం. అది చూశాక ఇంకా పడుకోనా?" అన్నాడు. "మరి ఆవిడకి ఒక్క మాట చెప్పొచ్చుగా బావా, అన్నేళ్ళు నిధక్క అనిపించుకుంది" అన్నాను. ఆయన చక్రం ఆపాడు. "రోజూ చెప్దామనే అనుకున్నానురా" అన్నాడు.

...ఊఁ. సౌండు పెంచమ్మాయ్. అదేదో సంచీ తీస్తున్నట్టున్నారు, చూడనీ.