ఇద్దరు డార్కోలు, ఒక శాలువా

ఆ రోజు నవాగామ్‌లోని మా ఇంట్లో అమ్మ, నాన్న, నేను, ఇద్దరు అతిథులు ఉన్నాం. ఒకరు ఘనా నుంచి బట్ట కొనడానికి వచ్చిన డార్కో. ఆయన వెంట చెప్పకుండా వచ్చిన సెర్బియా పవర్‌లూమ్ ఇంజనీరు పేరూ డార్కోనే. వంటింట్లో నాన్న అమ్మను గుసగుసగా అడిగాడు.

“అంచు మీద ‘డార్కో’ అని పేరెక్కించి ఒక్కటే శాలువా నేస్తివి. ఇప్పుడెట్లనే?”

“ఇద్దరొక్క ఇంటోళ్లా?”

“కాదే. ఘనా ఆయనకది ఇంటిపేరు, సెర్బియా ఆయనకు అమ్మానాయిన పెట్టిన పేరు.”

“మనోళ్లల్ల ఇంటిపేరొక్కటైతే అన్నదమ్ములే గద. పక్కపక్కన కూసోబెట్టుండ్రి, ఇద్దరికీ కలిపి కప్పుదాం.”

“సరే, ఇటియ్యి. కొనేటోళ్ల ముందుకు నువ్వెందుకు?”

“నేసింది నేను. నేనే కప్పుత.”

అమ్మ ముందు గదిలోకి వెళ్లింది. నవ్వులు, చప్పట్లు వినిపించాయి. “మైనే బునా!” అని, తనే నేశానని అమ్మ హిందీలో గట్టిగా చెప్పింది. నేను వంటింట్లోంచి తొంగి చూసేలోపే నాన్న తలుపు మూసేశాడు.